పంటు మీద గ్రాఫు

పంటు మీద రేట్ల బోర్డుకి
ఉప్పుగాలికి ముందు అంకెలు రాలాయి,
తర్వాత మేకులు.
ఆ ఖాళీ కొత్త పాటదారుకి బాగా నచ్చింది.

గుమస్తా వీరభద్రం అంతా కలిపే అడుగుతాడు.
మంగాయమ్మ, ఆవిడ మొగుడు, చేపల సైకిలు: యాభై.
నేనూ నా సైకిలూ: ముప్పై అయిదు.
"మనిషికెంతండీ?" అంటే
"రేవు దాటతావా, లెక్కలు చేస్తావా?" అంటాడు.

రెండూ చెయ్యాలి నేను.
ఇల్లు సఖినేటిపల్లిలో, బడి నర్సాపురంలో,
మధ్యలో వశిష్ఠ.
బళ్లో ఆ వారమే మొదలెట్టారు
రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాల జత.

"తెలీనిదానికి పేరు పెట్టుకోండి, భయం సగం పోతుంది"
అన్నారు కరుణకుమారి టీచరు.
మనిషి ఎక్స్. సైకిలు వై.

పచ్చగడుల కాయితం, రెండ్రూపాయలు.
మా చేలలాగే ఉంది,
గట్ల తగాదాలు లేవు, అంతే తేడా.
ముందు నా మాట గీశాను.
మనిషి పదయితే సైకిలు పాతిక,
మనిషి ఇరవయ్యయితే సైకిలు పదిహేను,
మనిషి ఊరికే వస్తే సైకిలే ముప్పై అయిదు.
ఒక్క మాట మీద నిలబడితే
నిజాలు బారు తీరతాయి.
ఏదైనా నిజమే కావచ్చు. అదే చిక్కు.

మంగాయమ్మ మాట ఇంకా ఏటవాలుగా దిగింది.
అలాగే జార్చుకుంటూ పోతే
మనిషికి ముప్పై,
సైకిలెక్కించినందుకు వీరభద్రమే
పది రూపాయలు ఎదురివ్వాలి!
"అది కాయితం మీదేనే" అని నవ్వారు టీచరు.

గీతలు కలిసిన చోట చదివాను:
మనిషి పద్నాలుగు, సైకిలు ఇరవై ఒకటి.
నా ముప్పై అయిదు సరిపోయింది.
మంగాయమ్మ యాభైకి
ఒక్క రూపాయి తక్కువొచ్చింది.
ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు.

పడవలు చెక్కే మా నాన్న
నా చేతిలో తన పెన్సిలు చూశాడు,
బొటనవేలంత లావు మొన.
ఏమీ అడక్కుండా ఉలితో చెక్కి ఇచ్చాడు.
"గీత లావైతే అతుకులోంచి నీళ్లొస్తాయే."

మళ్లీ గీశాను.
పదిహేను. ఇరవై.
ఈసారి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇంకో సాక్షి ఉంటే మంచిదని
నూకరత్నాన్ని అడిగాను.
అదీ, చెల్లెలూ, రెండు సైకిళ్లూ: డెబ్భై.
గీస్తే సరిగ్గా నా గీత మీదే పడుకుంది.
కొత్తగా ఏం చెప్పలేదు నూకరత్నం,
నా మాటే రెట్టించింది.

ఆ సాయంత్రం తిరుగు పంటులో
అదే నేను, అదే సైకిలు: నలభై!
"పొద్దున్న ముప్పై అయిదేగా?"
"పొద్దున్న పొద్దున్నే."
ఇంటికెళ్లి అదీ గీశాను.
కాలవా, కాలవగట్టు రోడ్డూ లాగ
కాయితం చివరిదాకా పక్కపక్కనే నడిచాయి.
ఎక్కడా తాకలేదు.
పుస్తకంలో దాన్ని అసంగతం అంటారని చెప్తే
మంగాయమ్మ బుట్ట దించి మరీ నవ్వింది.
"సదువుకున్నోళ్లు దానికీ పేరెట్టారా!
మేం దొంగతనం అంటాం."

మర్నాడు పంటు ఇనప గోడ మీద
సుద్దతో రాశాను:
మనిషి పదిహేను, సైకిలు ఇరవై.
కింద రెండు గీతలు, కలిసే చోట చుక్క.
వీరభద్రం బకెట్టుడు గోదారి నీళ్లు కొట్టాడు.
అంకెలు కరిగి నా చెప్పుల కిందకొచ్చాయి.

రెండ్రోజులకి మంగాయమ్మ ఒక్కతే వచ్చింది.
మొగుడికి జొరం, సైకిలు లేదు.
"ఇరవై" అన్నాడు.
ఆవిడ కొంగుముడి విప్పి
ఒక పది కాయితం, ఒక అయిదు బిళ్ల
అతని చేతిలో పెట్టి
వెళ్లి రెయిలింగు పట్టుకు నిలబడింది.

వీరభద్రం ఆవిడ వీపు కేసి చూశాడు,
బోర్డు ఊడిన మేకుల బొక్కల కేసి చూశాడు.
ఇంజను దగ్గి పంటు కదిలింది.
అరచేతిలో అయిదు బిళ్ల
చేపల తడితో
ఇంకా మెరుస్తూనే ఉంది.